ఆరో రంధ్రం

మౌతార్గాన్లు బాగుచేసే బాబాయికి కోపం ముక్కు మీదే ఉంటుంది. వరసగా ముగ్గురొచ్చి ఒకే ఫిర్యాదు చేసేసరికి ముగ్గురినీ తిట్టిపోశాడు. మూడోవాడు బస్సు డ్రైవరు.

"బాబాయ్, మెల్లగా ఊదితే పలుకుతోంది. కాస్త గట్టిగా ఊదితే రీడు మూగబోతోంది."

"నీది ఊపిరా, పంక్చర్ల షాపులో గాలి మిషనా?"

డ్రైవరు నవ్వి, జేబులోంచి ఇంకో మౌతార్గాన్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదీ మీరు బాగుచేసిందేగా, నాలుగైదేళ్ల కింద. అప్పుడూ నేనిలాగే ఊదేవాణ్ణి. దీనికేం కాలేదే!"

బాబాయి రెండింటి మూతలూ విప్పి భూతద్దం కింద పెట్టాడు. రీడంటే ఊపిరికి అదిరి పలికే సన్నటి ఇత్తడి పట్టీ. దాని కొన రేకు మీంచి వెంట్రుకవాసి పైకి లేచి ఉండాలి. ఆ సందు ఎక్కువైతే ఊపిరంతా వృథా. మరీ తక్కువైతే గట్టి ఊపిరికి రీడు ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. మౌతార్గాన్‌లో అసలు లేని స్వరాన్ని గదిమి రప్పించే విద్య ఒకటుంది. వాయించేవాళ్లు దాన్ని ఓవర్‌బ్లో అంటారు. అదంతా ఈ సందులోనే ఉంది. బాబాయికి కొలతలతో పని లేదు. ఆరో రంధ్రంలో తనే ఊదుతూ, ఆ దొంగ స్వరం పలికేదాకా రీడును గోటితో కొద్దికొద్దిగా దించుతాడు. పలికిందా, పని అయిపోయినట్టే.

పాతదాంట్లో సందు బాగానే ఉంది. కొత్తదాంట్లో దాదాపు లేనే లేదు.

పాతదాన్ని నోట పెట్టుకుని ఆరో రంధ్రంలో ఊదాడు. ఉత్త గాలి. ఒళ్లంతా బిగబట్టి మళ్లీ ఊదాడు. గుండె దడదడా కొట్టుకుందే తప్ప ఆ దొంగ స్వరం రాలేదు. డ్రైవరు తీసుకుని ఊదితే ఖంగుమని పలికింది.

బాబాయికి అప్పుడర్థమైంది. రీడ్లు చెడలేదు. తరిగిపోతున్నది తన ఊపిరి. దానికి తగ్గట్టు ప్రతిసారీ సందు తగ్గించుకుంటూ వచ్చి, పలికింది కదా అని మురిసిపోయాడు. వాళ్లన్నయ్యా ఇంతే, ఆయాసం ముదిరేదాకా ఇంటి మెట్లనే తిట్టాడు. మంచమెక్కినవాడు మళ్లీ దిగలేదు.

కొత్తదాని రీడు పైకెత్తాడు. "నువ్వే ఊది చూడు" అన్నాడు, ఇన్నేళ్లలో ఎవరితోనూ అనని మాట. డ్రైవరు ఊదితే గదంతా మారుమోగింది. "అదీ మా బాబాయంటే!" అంటూ సంబరంగా వెళ్లిపోయాడు.

ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు బాబాయి. చెబితే నిజమైపోతుందని భయం. భార్య వంటగదిలోంచి వచ్చేసరికి మాత్రం నోరు ఆగలేదు.

"ఏమే, నాకు ఊపిరి చాలట్లేదే. భయమేస్తోంది."

ఊరుకోండి, దుమ్ము పడలేదేమో అని కొట్టిపారేస్తుందనుకున్నాడు. ఆవిడ అలా అనలేదు. తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని పక్కన కూర్చుంది.

"రేపు పొద్దున ఆస్పత్రికి వెళ్తున్నాం. పెద్ద డాక్టరు దగ్గర మీ పేరు రాయించొచ్చాను" అంది. "రాత్రిళ్లు మీ ఊపిరి వింటూ ఎన్నాళ్లని మేలుకోను? మీరే చెప్తారని చూశాను."

అతనికి అసలు భయం అప్పుడేసింది. ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.