నెమలి ముద్ర లేబుళ్ళు

ఇక్కడ ఎవరితోనూ చెప్పుకోలేక, అమ్మాయీ, నీకు రాస్తున్నాను.

మన కాటుక డబ్బీల మీది నెమలి ముద్ర నా పేరున రిజిస్టరైంది కదా. మాచర్లలో మీ బాబాయి పోయాక, మీ పిన్ని రత్తమ్మకు ఆ ముద్ర వాడుకోమని ఒప్పందం రాసిచ్చాను. ఆముదం దీపం మసి తప్ప వేరేది కలపకూడదన్నది మొదటి షరతు. ఆముదం దొరకక ఆమె కిరసనాయిలు మసి కలిపింది. ఇద్దరు పసిబిడ్డల కళ్ళు వాచాయి.

ఈ రోజు ఆమెను నరసరావుపేటకు పిలిపించి, ఒప్పందం రద్దన్నాను.

"ఇదేందక్కా! నేనూ ఈ ఇంటి కోడల్నేగా? ఇంటిపేరు నాకూ ఉందిగా?"

"ఇంటిపేరు పెళ్ళితో వచ్చింది రత్తమ్మా. ముద్ర కాగితంతో వచ్చింది, కాగితంతోనే పోద్ది."

"నీకు కాటుక పట్టడం నేర్పింది నేను గాదా?"

"నేర్పింది నువ్వే. ముద్ర నాది," అన్నాను, గొంతు పెంచకుండా.

తెచ్చిన డబ్బీల మూతలు నీళ్ళలో నానబెట్టి, లేబుళ్ళు ఆమె చేతనే గీకించాను. ఆమె గోళ్ళ నిండా నెమలి నీలం. అన్నం పెడితే తినకుండానే బస్సుకు వెళ్ళిపోయింది.

పసిబిడ్డల కోసమే చేశానని సాయంత్రం దేవుడి ముందు చెప్పుకున్నాను. మరి లేబుళ్ళు ఆమె చేతనే ఎందుకు గీకించాను? నీకేమైనా తోస్తే రాయి. ఈ ఉత్తరం దాచు, ఎవరికీ చూపకు.