ఇది ఆటో కాదు అయ్యగారూ

మొన్న ఐతారం మా బావ గృహప్రవేశం ముహూర్తం తప్పిపోవాల్సింది. దానికి కారణం ఎవరంటె నేనే. ఆగుండ్రి, అప్పుడే నవ్వకుండ్రి. ముందు చాయ్ తాగుండ్రి, మొత్తం చెప్తె గాని మీకు సమజ్ కాదు.

నా బండి సంగతి కొందరికి ఎరుకే. ఎరుక లేనోళ్లకు మొదటిసంది చెప్త. మానుకోటల నాది చిన్న మ్యాచింగ్ సెంటర్. జాకెట్ బట్టలు, ఫాల్సు, లైనింగులు అమ్ముత. స్కూటీ నాకు రాదు, బ్యాలెన్స్ ఆగదు. కారు కొనే తాహతు లేదు. యాడికి పోవాలన్నా మా ఆయన బైకు ఎనక కూసోవాలె. మా అమ్మను దవాఖానకు తీస్కపోవాలన్నా ఆయన మొఖమే చూడాలె. రాననైతె ఎన్నడు అనడు. కాని బండి తాళం తీసేటప్పుడు ఒక్కసారి ఉస్సురంటడు చూడుండ్రి, ఆ ఉస్సురుకే నా పానం సగం పోతది.

గట్ల ఆయన ఎనక కూసోని కూసోని నాకొక ఆలోచన వచ్చింది. ఇంత పెద్ద పెద్ద కార్ల కంపెనీలున్నయి గద, మూడు టైర్లతోని ఒక సస్తా బండి, డోర్లు పెట్టి, ఇంటోళ్ల కోసం ఎందుకు చెయ్యరు? ఉండేది మొగడు, పెండ్లాం, ఒక పిల్ల. కూరగాయలు తెచ్చుకునేటందుకు అంత పొడుగు కారెందుకు? ఖర్చు తక్కువ, సందులల్ల కూడ తిరుగుతది. ఇదే మా ఆయన్ను అడిగితె, "కంపెనీలోళ్లు పాగల్‌గాళ్లు కాదు. మూడు టైర్లంటె కిరాయి బండి, నాలుగుంటెనే కారు" అన్నడు. నాకు కోపమొచ్చింది. కోపమొస్తె నేనెట్లనో మీకు తెల్వంది కాదు. కంపెనీ చెయ్యకుంటె నేనే చేపిస్త అన్న.

భూపాలపల్లిల ఉండే మా అన్నకు చెప్పి ఒక బ్యాటరీ ఆటో కొనిపిచ్చిన. సొంతానికే రిజిస్టర్ చేపిచ్చిన, ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలు. ఎర్ర రంగు ఏపిచ్చిన, డోర్లు పెట్టిచ్చిన, సీటు కవర్లు నేనే కుట్టిన. లైసెన్సు తీసిన. మా అత్తమ్మ ఒక్కతే జర గునిసింది. మంచి పనికి ముగ్గురు పోరు, మూడు టైర్ల బండి మంచిదెట్లయితదే అన్నది. ఎనకున్న స్టెప్నీ చూపెట్టి, అత్తమ్మా గిదుగో నాలుగోది అన్న. అయితె సరే అని ఎక్కి కూసున్నది. ఆ బండి తోలుకుంట పోతుంటె నాకు మస్తు సంబురమైతది. ఎవ్వరి మొఖం చూసే పని లేదు.

బండి అయితె మంచిగ తయారైంది, జనమే తయారు కాలె. ఒకనాడు షాపు ముంగట ఆపి, సామాను లోపట పెట్టి వచ్చేసరికి, సీట్ల ఒక కుటుంబం కుటుంబమే కూసోని ఉన్నది. ఆ పెద్దాయన నన్నే గదరాయించిండు. డ్రైవర్ యాడ పోయిండమ్మా, మాకు బస్సు పోతది అని. నేనే డ్రైవర్ను అని చెప్తె, ఇంకేంది మరి, పోనియ్యి అన్నడు. ముంగటి అద్దం మీద 'సొంత బండి' అని పెద్దగ రాపిచ్చిన. చదివేదెవరు? మూడు టైర్లు కనపడంగనే చెయ్యి లేస్తది. రోజంత 'ఇది ఆటో కాదు, ఇది ఆటో కాదు' అనుడే నా పని.

ఇగ అసలు సంగతి. మా ఆయన అన్న, అంటె మా బావ, డోర్నకల్‌ల రైల్వేల చేస్తడు. అక్కడనే కొత్త ఇల్లు కట్టిండు. ఆయన పెండ్లాం, మా యారాలు పుట్టింటోళ్లది జనగామ. అందరికి కార్లే. వాళ్ల ముంగటికి నేను ఈ బండి తీస్కొస్తనంటె మా ఆయనకు నిద్ర పట్టలే.

"వాళ్లల్ల ఒక్కరు ఆటో అన్నా సరే, తెల్లారి బండి అమ్ముడే" అన్నడు.

సై అన్న. అన్న గని లోపట భయమే. బండి పోతె మళ్ల ఆ ఉస్సురు ఎనక కూసోవాలె గద. ఆయనైతె నా బండిల కూసునుడు కంటె ముక్కు కారుడే నయమని, అంత చలిల పొద్దుగాలనే బైకు మీద పోయిండు. నేను పట్టుచీర కట్టి, అత్తమ్మను ఎనక కూసోబెట్టుకోని బయలెల్లిన.

కురవి దాక చేతులే చేతులు. ఒక్కరికి ఆపలే. కురవి దాటినంక ఒక మూల మలుపు కాడ ఒక పెద్దమనిషి నిలవడ్డడు. ధోతి, మీద జర్కిన్, చలికి తలకు తువ్వాల. పక్కన ఖరాబైన స్కూటరు, కాళ్ల కాడ పెద్ద సంచి. రెండు చేతులు ఎత్తిండు పాపం. అత్తమ్మ ఎక్కించుకోరాదు బిడ్డా అన్నది. ఎట్ల ఎక్కిస్త? బావ ఇంటి ముంగట సంచితోని ఒక మనిషి నా బండిలకెల్లి దిగితె ఇంకేమన్న ఉన్నదా? జర స్లో చేసి, తలకాయ బయటపెట్టి, "ఇది ఆటో కాదు, రాసింది కనపడ్తలేదా?" అని కసిరి పోయిన. అద్దంల చూస్తె ఆయన చేతులు ఇంక గట్లనే లేచి ఉన్నయి.

డోర్నకల్‌ల దర్జాగ దిగిన. యారాలు వచ్చి, బాగున్నదే చెల్లే, ఎర్రగ బొమ్మ లెక్క అన్నది. జనగామ చుట్టాలు సుట్టు తిరిగి చూసిండ్రు. ఒక్కరు ఆటో అనలే. మా ఆయన దిక్కు చూసి నవ్విన. ఆయన పందిరి దిక్కు చూసిండు.

అంతల మా బావ పరేషాన్‌గ తిరుగుతున్నడు. పూజ చేసే అయ్యగారు ఇంక రాలే, ముహూర్తం దగ్గర పడ్డది. ఫోన్ చేసి స్పీకర్ పెట్టిండు. అందరం సుట్టు మూగినం.

"స్కూటరు ఆగిపోయింది నాయినా. కిక్కు కొట్టి కొట్టి నడుము పట్టేసింది, బైకు పంపితె కూసోలేను. ఇందాక ఒక ఎర్ర ఆటో వచ్చింది. ఒకామె తోలుతుంది, ఎనక ముసలామె తప్ప ఎవ్వరు లేరు. చెయ్యెత్తితె, ఇది ఆటో కాదని కసిరి పోయింది."

అందరి తలకాయలు ఒక్కసారే గేటు దిక్కు తిరిగినయి. ఎర్రగ, బొమ్మ లెక్క నిలవడి ఉన్నది నా బండి. నేను ఆకాశం దిక్కు చూసిన. ఇగ మా అత్తమ్మ ఊకుంటదా? ఎక్కించుకో అని నేను చెప్పిన, నా మాట ఎవరు ఇంటరు అని అందరికి ఇనపడేటట్టు అన్నది. సొంత అత్త!

కారు పంపుదామంటె సందుల కార్లన్ని ఒకదాని ఎనక ఒకటి ఇరుక్కున్నయి. ఒకటి తియ్యాలంటె అన్ని తియ్యాలె, ఏ తాళం ఎవరి దగ్గరుందో తెల్వది. నా బండి ఒక్కటే ఉన్నకాడనే గిర్రున తిరిగింది. రోట్లె తల పెట్టినంక రోకలి పోటుకు భయపడితె ఎట్ల? ఉరికిచ్చిన.

అయ్యగారు నన్ను చూసి మొఖం అటు తిప్పుకున్నడు.

"నాకు ఆటో కావాలె బిడ్డా. సొంత బండ్లు మనకెందుకు?"

ముహూర్తం పోతుంది. బావ కొత్త ఇల్లు, నా బండి, రెండు ఈయన చేతులనే ఉన్నయి. ఏడుపొక్కటే తక్కువ. పట్టుచీర కొంగు నడుముకు చెక్కి, నడి రోడ్డు మీద దండం పెట్టి గట్టిగ అన్న:

"ఆటోనే అయ్యగారూ! ముమ్మాటికి ఆటోనే! ఎక్కుండ్రి!"

ఆయన ఎక్కేలోపల, అవతల చెట్టు కింద నిలవడ్డ జనం ఎక్కిండ్రు. ఆటోనా, డోర్నకల్ పోతదా అనుకుంట, మూటలతోని, కోళ్ల గంపతోని వచ్చి నిండిండ్రు. దిగుండ్రి అంటె, ఇప్పుడే గద ఆటో అంటివి అన్నరు. వాళ్లతోని కొట్లాడుడు షురువు చేస్తె ముహూర్తం అక్కడనే అయిపోతది. అయ్యగారిని నా సీటు పక్కకు జరుపుకోని, సంచి ఆయన ఒళ్లె పెట్టి తోలుకొచ్చిన.

జనగామ చుట్టాలందరు గేటు కాడ నిలవడి చూస్తుంటె దిగినం. ముందుగాల అయ్యగారు, తర్వాత మూటలు, తర్వాత కోళ్ల గంప. ముహూర్తమైతె అందింది. నా ఇజ్జతే అందలే. పూజ నడిచినంతసేపు మా ఆయన నా దిక్కు చూడనేలేదు.

బువ్వ తిన్నంక రైలు టైమైతుందని కొందరు చుట్టాలు లేచిండ్రు. కార్లు ఇంక చిక్కుకోనే ఉన్నయి. మా ఆయన నా దగ్గరికొచ్చిండు. ఇగ అయిపోయింది, బండికి నూకలు చెల్లినయనుకున్న.

"చార్జింగు ఉన్నదా?" అన్నడు మెల్లగ.

ఉన్నదన్న. ఆయనే డోరు తెరిచి అందర్ని ఎక్కిచ్చిండు. జాగ లేకపోతె నా పక్కన సగం సీటు మీద కూసోని, సగం బయటికి ఏలాడుకుంట, స్టేషన్ స్టేషన్, ఇంకొకరికి జాగున్నదని సందు పొడుగునా కేకేసిండు. అమ్ముడు మాట మళ్ల ఎత్తలే.

పెద్ద కంపెనీలు ఇంటోళ్లకు మూడు టైర్ల బండి ఎందుకు చెయ్యవో నాకిప్పుడు సమజైంది. చేసినా ఏం ఫాయిద? బంగారు రేకు తొడిగి ఇచ్చినా మన జనం చెయ్యెత్తుతరు. అది తోలేటోడు యజమాని కాదు, డ్రైవరే.

నిన్న పొద్దుగాల అయ్యగారు ఫోన్ చేసిండు. ఎల్లుండి కురవిల ఒక పెండ్లి చెయ్యాలె బిడ్డా, నీ ఆటో ఖాళీయేనా అని. ఇది ఆటో కాదు అనే మాట నాలుక మీదికి వచ్చింది. పక్కనే మా ఆయన ఇంటున్నడు. మాట మింగిన.

"ఎన్ని గంటలకు రావాలె అయ్యగారూ?" అన్న.