మామిడి కొట్లో ఆక్సిటోసిన్

నిండు సీజన్లో, పట్టపగలు, జనంతో కిటకిటలాడే మామిడిపళ్ల కొట్టును ఒక్క కాయైనా ముట్టుకోకుండా కేవలం నోటితో ఎలా ఖాళీ చేయించవచ్చో చెబుతాను, వినండి. చేయించిన మహానుభావుణ్ణి నేనే. ఆ కొట్టు సాక్షాత్తూ మా మామగారిది. పెళ్లయి అప్పటికి ఏడాదైనా కాలేదు.

ఆ రోజుల్లో నేను విస్సన్నపేటలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేవాణ్ణి. మనిషి మెదడులో ఊరే రసాయనాల గురించి ఏవేవో వీడియోలు చూసి, ఆ పిచ్చి తలకెక్కించుకున్నాను. ఎవరు నవ్వినా డోపమిన్, ఎవరు అరిచినా అడ్రినలిన్. మా ఆవిడ శిరీష పొద్దున్నే మొహం ముడుచుకుంటే "ఏమైంది?" అని అడిగే పాటి ఇంగితం కూడా పోయి, "నీ సెరటోనిన్‌ని ఎంజైములు తొందరగా తినేస్తున్నట్టున్నాయి" అనేవాణ్ణి. ఆ పూట నా కాఫీలో పంచదార ఉండేది కాదు. దానికి ఏ ఎంజైమూ కారణం కాదని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

వేసవి సెలవులకు నూజివీడు అత్తారింటికి వెళ్లాం. మా మామగారు కోటేశ్వరరావుగారిది మామిడిపళ్ల వ్యాపారం. ఆయన తమ్ముడు సుబ్బారావుగారిదీ అదే. ఇద్దరి కొట్లూ రోడ్డుకు అటొకటి, ఇటొకటి. ఒకప్పుడు ఇద్దరికీ కలిపి ఒకటే ఉండేదట. బోర్డు మీద చిన్నరసం బొమ్మ ఉండాలని అన్నగారు, కాదు బంగినపల్లి ఉండాలని తమ్ముడుగారు పట్టుబట్టి, మాటా మాటా పెరిగి, కొట్టునే రెండు ముక్కలు చేసుకున్నారు. అప్పట్నుంచి మాటల్లేవు. అయితే ఎదురెదురుగా కూర్చుని పొద్దస్తమానం ఒకరినొకరు చూసుకుంటూనే ఉంటారు. కొత్త దంపతులు కూడా అంతసేపు చూసుకోరు.

ఈ అన్నదమ్ముల్ని కలపాలన్న దివ్యమైన ఆలోచన నాకు వచ్చింది. ఎలాగంటారా? సైన్సుతో!

ఓ మధ్యాహ్నం మామగారు భోజనానికి లేస్తూ, "అల్లుడుగారూ, కాసేపు కూర్చోండి. ఎవరైనా వస్తే వచ్చేస్తానని చెప్పండి. మీరేం మాట్లాడక్కర్లేదు" అన్నారు. మనిషికి ఎంత ముందుచూపో చూడండి.

ఆయన అలా వెళ్లగానే నేను శిరీషకు ఫోన్ చేశాను. కొట్టు ముందు ట్రాక్టరొకటి ఆగి గుర్రుగుర్రుమంటోంది. గొంతు పెంచక తప్పలేదు. వెనక విజయవాడ పళ్ల వ్యాపారి రంగారావుగారు కాయలు ఏరుకుంటున్న సంగతి నేను చూసుకోలేదు. ఏటా మామగారి సరుకు లారీలకు లారీలు ఎత్తేది ఆయనే.

"మీ నాన్నకి కావలసింది ఆక్సిటోసిన్!" అని అరిచాను.

"అదేంటండీ?"

"కెమికల్! మనుషుల్ని దగ్గర చేసేది. మెదడులో దానికోసం రిసెప్టర్లుంటాయి. అవిప్పుడు పిచ్చుకపిల్లల్లా నోళ్లు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి."

"ఇంజెక్షనా?"

"ఇంజెక్షన్ అక్కర్లేదు! మెల్లగా మెత్తబడేలా చేద్దాం. ఎవరికీ అనుమానం రాకూడదు. ముందు మన కొట్లో మొదలుపెట్టి, తర్వాత మీ బాబాయి కొట్లో కూడా!"

నా వెనక కాయ కిందపడిన చప్పుడైంది. తిరిగి చూస్తే రంగారావుగారు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏంటి బాబూ, గేదెలకి పాలకోసం పొడిచే మందు ఇప్పుడు కాయలకి కూడా పెడుతున్నారా?"

మామిడి కొట్లో కెమికల్ అన్న మాట పెళ్లిపందిట్లో తుమ్ములాంటిది. చెవిన పడితే చాలు, అందరూ ఆగిపోతారు. అక్కడ నేను "అబ్బే, లేదండీ" అని ఊరుకుంటే గొడవే లేదు. కానీ నేను లెక్చరర్ని కదా! వివరించాను.

"కెమికలే కానీ సహజమైందండీ! భయపడకండి. మీ ఒంట్లో కూడా ఉంది."

"నా ఒంట్లోనా? అయ్యయ్యో! పొద్దున్న ఇక్కడే రెండు కాయలు తిన్నాను!"

"అందుకే అప్పుడు మీ ముఖంలో అంత ఆనందం!" అన్నాను, శాస్త్రాన్ని తేలిగ్గా చెప్పాలన్న సదుద్దేశంతో.

అంతే. ఆయన పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడ్డారు. పక్కనున్నవాళ్లు పోగయ్యారు. "మెదడుకి ఎక్కే మందంట" అని ఒకరు, "తింటే నవ్వుతూనే ఉంటారంట" అని ఇంకొకరు. చేతుల్లో కాయల్ని వేడి పెనం మీద వేలు పడ్డట్టు వదిలేస్తున్నారు. "ఆఫీసర్లకి ఫోన్ చెయ్యండి" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

సరిగ్గా అప్పుడే మామగారు తిరిగొచ్చారు. సంగతి విన్నారు. ఆయన తిట్టి ఉంటే నాకు బాగుండేది. తిట్టలేదు. "నా కొట్లో మందా? గడ్డిలో మగ్గేసిన కాయ తప్ప ఇంకోటి అమ్మానా, రంగారావుగారూ?" అని అడిగారు. ఆ మాట విని నాకు మొదటిసారి నిజంగా భయం వేసింది. అది ఏ హార్మోనో గుర్తు రాలేదు.

ఇంతలో జనాన్ని తోసుకుంటూ సుబ్బారావుగారు వచ్చారు. రోడ్డు దాటి! అన్నగారి రాశిలోంచి ఓ చిన్నరసం తీసుకుని, కడగనైనా కడక్కుండా, అందరూ చూస్తుండగా తొక్కతో సహా జుర్రుకున్నారు.

"మా అన్నయ్య మొండివాడు, పరమ మూర్ఖుడు. ఆ మాట నేనే ఒప్పుకుంటా. కానీ కాయకి మందు పెట్టాడంటే మాత్రం నాలుక చీరేస్తా!" అన్నారు, గడ్డం మీద రసం కారుతుండగా.

"మూర్ఖుడు ఎవడ్రా?" అన్నారు మామగారు.

"నువ్వే!"

"ఒరేయ్, ఇంకోసారి అను!"

"నువ్వే, అన్నయ్యా!"

ఆ 'అన్నయ్యా' దగ్గర మామగారికి కళ్లు చెమర్చాయి. చేతులు చాచారు. ఇద్దరూ వాటేసుకున్నారు. చూస్తున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. రంగారావుగారు పొట్ట మీద చెయ్యి తీసి మళ్లీ కాయల వైపు ఒక అడుగు వేశారు. అంతా సర్దుకున్నట్టే.

నేను అక్కడ లేకపోతే సర్దుకునేదే.

"వచ్చింది! ఆక్సిటోసిన్ వచ్చింది! చూశారా, ఎలా పనిచేస్తోందో!" అని గంతేశాను.

జనం ఒక్కసారిగా వెనక్కి గెంతారు. రంగారావుగారు సుబ్బారావుగారి వైపు జాలిగా చూసి, "ఒక్క కాయ తిన్నందుకే ఎలా అయిపోయాడో, పాపం!" అన్నారు.

అన్నదమ్ములిద్దరూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకునే నా వైపు తిరిగారు. "నోర్ముయ్!" అన్నారు. ఇన్నేళ్ల తర్వాత ఇద్దరూ కలిసి పలికిన తొలి మాట అదే. 'అల్లుడుగారు'లోని 'గారు' అనే తోక కూడా అక్కడే ఊడింది.

తర్వాత వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వ్యాపారస్తుల బుర్రలు కదా, మాటలక్కర్లేకుండానే ఏకమయ్యాయి. సుబ్బారావుగారు గొంతు సవరించుకుని, మెల్లగా, "ఎవరూ ఏమీ అనుకోకండి. కెమికల్ తేడా కాయల్లో కాదు, మా అల్లుడి తలలో. చదువెక్కువైంది. ఎండల్లో ఇంకాస్త ముదురుతుంది" అన్నారు.

"ఇంట్లో కూడా ఇంతేనండీ" అని మామగారు వంత పాడారు.

ఒక్కరూ అనుమానించలేదు! జువాలజీ అంతా పోసి నేను నమ్మించలేనిదాన్ని సుబ్బారావుగారు ఒక్క ముక్కలో నమ్మించేశారు. జనం "అదా సంగతి" అని హాయిగా ఊపిరి పీల్చుకుని బేరాల్లో పడ్డారు. రంగారావుగారైతే ఓ మంచి పండు ఏరి నా చేతిలో పెట్టి, "తిను బాబూ, బుర్రకి మంచిది" అన్నారు. సాయంత్రానికి కొట్లో సరుకు లేదు. ఇప్పటికీ నూజివీడు బస్టాండులో దిగితే చాలు, ఆటోవాళ్లు కూడా గొంతు తగ్గించి, "ఇప్పుడెలా ఉందండీ?" అని అడుగుతారు.

కనుక, నా తలలో మిగిలి ఉన్న సమస్త రసాయనాల సాక్షిగా, ఎంజైముల సాక్షిగా, నోళ్లు తెరుచుకున్న రిసెప్టర్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ప్రేమను ప్రేమనే అంటాను, కోపాన్ని కోపమనే అంటాను. ఇక నూజివీడు పొలిమేరలో 'రసం' అనే మాట దగ్గరే ఆగిపోతాను. చచ్చినా దాని పక్కన 'అయనం' చేర్చను.