రాగి తగలకూడని తొట్టి

మా చిన్నాయన పోయాడని చిత్తూరు నుంచి ఫోను వస్తే, ఎవరో తప్పు నంబరుకు చేశారనుకున్నాను. ఆ పొద్దునే కదా ఆయన నాతో మాట్లాడింది! కాణిపాకంలో అంగడి షట్టరు దించుతూ కూలబడ్డాడట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయిందట. పొద్దున నవ్విన మనిషి సాయంత్రానికి లేడంటే ఎట్లా నమ్మేది చెప్పండి? నాకిప్పటికీ నమ్మకం కుదరడం లేదు.

"ఒరే అబ్బోడా, గుడ్లు పెట్టుకోనుండాది. కడుపు కింద గసగసాల మాదిరి. పిల్లలయ్యేలోపల వచ్చి సూసిపో." నాతో ఆయన ఆఖరి మాట ఇదే.

ఆయన చెప్పింది రొయ్య సంగతి. కూర వండుకునేవి కావు, వేలిగోరంత ఎర్ర రొయ్యలు. చెన్నై నుంచి ప్లాస్టిక్ సంచిలో నీళ్లతో సహా తెచ్చి, నడవలో గాజుతొట్టిలో పెంచుకున్నాడు. ఉడికించిన పాలకూర ముక్క వేసి, అవి దాని చుట్టూ చేరుతుంటే అన్నం కూడా మరిచిపోయి చూసేవాడు. వేపుడుకైనా పనికిరావని మా చిన్నమ్మ సాధించేది.

మొదట తెచ్చినవాటికి ప్రేమకొద్దీ రాగి బిందెలో నీళ్లు పోశాడు. మనుషులకు మంచివి కదా అని. మర్నాటికి ఒక్కటీ మిగల్లేదు. రాగి వాటికి విషమని తర్వాత తెలిసింది. విడ్డూరం ఏమంటే, ఆయన అంగట్లో అమ్మేవే రాగి చెంబులు! అప్పటినుంచి ఇంటికి రాగానే, ఎవరు పిలిచినా పలకకుండా పెరట్లోకి పోయి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నాకే తొట్టి దగ్గరికి వచ్చేవాడు. "మనకు మంచిదైతే అందరికీ మంచిదని యాడుండాదబ్బా?" అనేవాడు. ఆ మాట నేను చాలా చోట్ల వాడుకున్నాను.

కర్మ ముగిసిన రోజు పురోహితుడు రాగి చెంబులో మామిడాకు ముంచి, ఇల్లంతా పుణ్యాహం నీళ్లు చల్లుతూ నడవలోకి వచ్చాడు. ఆ చెంబు చిన్నాయన అంగడిదే. తొట్టికి మూత లేదు. అంతమంది పెద్దల ముందు ఆయన్ని ఎట్లా ఆపాలో తోచలేదు.

చిన్నాయన పోయినప్పటినుంచి ఏడవకుండా మూలన కూర్చున్న చిన్నమ్మ గబుక్కున లేచింది. దండెం మీద ఆయన తువ్వాలు లాగి తొట్టి మీద కప్పింది.

"దీంట్లో పడనీయొద్దు స్వామీ. ఆయన ఒప్పుకోడు."

పురోహితుడు పక్కనుంచి వెళ్లిపోయాడు. చిన్నమ్మ పెరట్లోకి పోయి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చి, తువ్వాలు కొస ఎత్తింది. లోపల పాచి మీద ఆ తల్లి రొయ్య, సన్నటి కాళ్లతో గుడ్లకు నీళ్లు విసురుతూనే ఉంది.