నవీన పుట్టువెంట్రుకలు

చంద్రగిరి పక్కన చెరకాడి బెల్లం వండే ఇంట్లో పుట్టిన మునివెంకటప్ప, ఒంట్లో బలం ఎక్కువై ఊళ్ళో నిలవలేక పట్టాళంలో చేరాడని అతని భార్య దేవకమ్మ నవ్వుతూ చెప్పేది. బలమొకటే కాదు, మొండితనమూ ఎక్కువే. డెబ్భై ఒకటిలో కూతురు నవీన పుట్టిందని తెలిసి, "పాప పుట్టెంట్రుకలు నేనొచ్చినాకే కొండ మీద తీయిద్దాం. అంతదాకా కత్తి తగలనీయొద్దు" అని ఉత్తరం రాశాడు. ఆ డిసెంబరులోనే యుద్ధమొచ్చింది. శత్రువులకు చిక్కాడు. మరుసటి ఏడు, ఖైదులోనే చనిపోయాడని సర్కారు కాగితం వచ్చింది.

"కాయితానికేం తెలుస్తాది? కండ్లారా సూసినోళ్ళు చెప్పాల" అంది దేవకమ్మ. బొట్టు చెరపలేదు. బిడ్డ జుట్టు తీయించలేదు. తీయిస్తే, ఆయన ఇక రాడని తన నోటితో తానే ఒప్పుకున్నట్టు కదా! ఊరి నోటికి మూత ఉందా? పిచ్చిదన్నారు. నవీన జడ మోకాళ్ళు దాటింది. తలంటిన నాడల్లా కుంకుడుకాయలు చాలేవి కావు.

తొంభై అయిదులో నవీనకు మంచి సంబంధం కుదిరింది. పుట్టువెంట్రుకలు స్వామికివ్వని పిల్లకు తాళి కట్టేదెట్లా అని మగపెళ్ళివారు పట్టుబట్టారు. దేవకమ్మ ససేమిరా అంది. పెళ్ళి తప్పిపోయేట్టే ఉంది.

ఈ మాట ఆ నోటా ఈ నోటా పడి చిత్తూరు చేరింది. అక్కడినుంచి జయరామ్ అనే మాజీ సిపాయి వచ్చి గడపలో నిలబడ్డాడు. మునివెంకటప్పతో పాటు అదే ఖైదులో ఉన్నవాడు.

"జరంతో పోయినాడక్కా, నా పక్కనే. 'ఆ మొండిది నాకోసం బిడ్డ జుట్టు తీయించకుండా కూసోనుంటాది, నువ్వు పోయి తీయించమని చెప్పు' అన్నాడు. రెండు తూర్లు మీ వీధిదాకా వచ్చినాను. నీ బొట్టు సూసి, నోరు రాక, ఎనిక్కి పోయినాను."

దేవకమ్మ ఇన్నేళ్ళ ఏడుపూ అప్పుడే ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, "కడాకు, పొయ్యేముందు ఏమన్నా తిన్నాడా?" అని అడిగింది.

"నేనే గంజి తాపినానక్కా."

"కాళ్ళు కడుక్కో నాయనా, అన్నం పెడతా" అంటూ లేచింది.

ఆ వారమే కొండకు బయలుదేరారు. దేవకమ్మ బొట్టు తానే తుడుచుకుంది. కల్యాణకట్టలో ఇరవైనాలుగేళ్ళ పిల్లకు పుట్టువెంట్రుకలా అని మంగలి నవ్వాడు. సంగతి విన్నాక కత్తి తడిపాడు.

గుండయ్యాక నవీన లేచి, సిగ్గుపడుతూ తల్లివైపు తిరిగింది. దేవకమ్మ నిలబడిపోయింది. ఆ ఎత్తు నుదురు, ఆ విచ్చుకున్న చెవులు, తల వెనక ఆ చిన్న బొడిపె. ఇన్నేళ్ళూ జుట్టు చాటునే ఉన్నాడు మనిషి.

కూతురి గుండును రెండు చేతులా పట్టుకుని, "వచ్చినావా?" అంది.