ఉస్సురు ఫాదర్ పులివెందుల సంసారం

అలసట అంటే పెద్దవాళ్ళు కుర్చీలో కూర్చునేటప్పుడు చేసే ఒక చప్పుడని ఆ రోజుల్లో నా అభిప్రాయం. మా వైపు ఆటోలు వచ్చిన కొత్త అది. నాకు ఆ అభిప్రాయం కలగడానికి కారణం మా పెద్ద ఫాదర్. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కన వేపచెట్ల వెనకాల మా గురువిద్యాలయం ఉండేది. పెళ్ళీ సంసారం వద్దనుకుని ఫాదర్లు కాబోయే పిల్లకాయలకు అక్కడ చివరి తర్ఫీదు ఇచ్చి పంపడం ఆయన పని. వల్లూరు వైపు రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. ఎప్పటికైనా ఒక చిన్న పల్లె చర్చికి, మా భాషలో విచారణకు, గురువుగా పోయి, నాలుగు పెళ్ళిళ్ళు చేసి, నలుగురు బిడ్డలకు జ్ఞానస్నానం ఇచ్చి, సాయంత్రం అరుగుమీద కూర్చోవాలని ఆయన కోరిక. బిషప్పులు మారారు గానీ జవాబు మారలేదు. "ఈ ఒక్క బ్యాచిని దాటించండి ఫాదర్" అనేవారట ప్రతి ఒక్కరూ. అలా బ్యాచి తర్వాత బ్యాచిని దాటిస్తూ ఆయన మాత్రం ఇవతలి ఒడ్డునే ఉండిపోయారు. కూర్చున్నా, లేచినా, మా ప్రసంగాలు విన్నా "ఉస్సురప్పా" అనేవారు. అందుకని మేం ఆయనకు ఉస్సురు ఫాదర్ అని పేరు పెట్టుకున్నాం. (ఇప్పుడు ఆ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మా పిల్లకాయలు నాకేం పేరు పెట్టారో తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు.)

మా తర్ఫీదులో అన్నింటికన్నా కష్టమైనది పాపసంకీర్తనం వినడం. క్రైస్తవ వేదశాస్త్రం పుస్తకంలో చదువుకోవచ్చు, పూజ ఎలా చేయాలో చూసి నేర్చుకోవచ్చు. కానీ ఎదుటి మనిషి చేసిన పాపం చెప్పుకుంటుంటే నవ్వకుండా, తిట్టకుండా, అదిరిపడకుండా వినడం పుస్తకంలో దొరకదు. అందుకని పెద్ద ఫాదరే పాపి వేషం కట్టేవారు. మేం ఒక్కొక్కరం మెడలో ఊదారంగు పట్టీ, అదే స్టోలు, వేసుకుని గురువులాగా కూర్చుంటే, ఆయన వచ్చి మా ముందు మోకరిల్లి పాపాలు చెప్పుకునేవారు. నిజంగా తన చెవిన పడిన పాపాలు చెప్పకూడదు, అవి ఆయనతో పాటు మట్టిలోకి పోవాల్సినవి. కాబట్టి ప్రతి బ్యాచికీ కొత్త పాపాలు సొంతంగా కల్పించుకోవాలి. "పాపాలు చేసేటోల్లకేం నాయనా, హాయిగా చేసి పోతారు. ఏమీ చెయ్యకుండా కల్పించి చెప్పేటోనికి తెలుస్తాది ఆ యాతన" అని ఒకసారి నాతో అన్నారు.

ఈ పరీక్షలో ఆయన సరే అంటేనే బిషప్ గారు గురుపట్టాభిషేకానికి ఒప్పుకుంటారు. ఈస్టరు తర్వాత నా పట్టాభిషేకమని మా అమ్మ అప్పటికే చాపాడు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ చెప్పేసింది. మా మేనమామ పొట్టేలును కూడా చూసిపెట్టాడు. నేను మాత్రం రెండుసార్లు తప్పాను. మొదటిసారి ఆయన ప్రొద్దుటూరు బట్టల వ్యాపారిగా వచ్చి, జాకెట్టు గుడ్డ కొలిచేటప్పుడు బొటనవేలు గజంబద్ద మీదికి జరుపుతానని గొంతు వణికిస్తూ చెప్పుకుంటుంటే నేను పగలబడి నవ్వాను. రెండోసారి జమ్మలమడుగు ఆటో డ్రైవరుగా వచ్చి, పరాయి ఊరివాళ్ళను చుట్టు తిప్పి తీసుకుపోతానని చెప్పారు. ఈసారి నవ్వకూడదని పళ్ళు బిగబట్టి, ప్రాయశ్చిత్తంగా మైలవరం డ్యాం దాకా నడిచిపోయి రమ్మన్నాను. ఆయన మోకాళ్ళ మీదనుంచి లేచి, "వాడు నడిచిపోతే ఆటో ఎవరు తోలల్లప్పా? వాని బిడ్డలకు అన్నం నువ్వు పెడతావా?" అని, ఉస్సురని వెళ్ళిపోయారు.

మూడోసారి ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదట్లో, మధ్యాహ్నం పూట. కరెంటు పోయింది. ప్రార్థనాలయంలో ఉక్క భరించలేక వంటింటి వైపు కిటికీ తెరిచాం. పెద్ద ఫాదర్ వచ్చి మోకరిల్లి, "మాది పులివెందుల పక్కన ఫాదర్. చీనీతోట ఉండాది. పెండ్లాంతో మాట్లాడక శానా దినాలాయె" అని మొదలుపెట్టారు. ఏమైందని అడిగాను. "పప్పులో ఉప్పెక్కువాయెనని నేనొగ మాటంటి, ఆయమ్మ రెండు మాటలనె. దినామూ సంగటి చేసి మూతబెట్టి ఎదురుచూస్తాంటది. నేను పోను. ఇంగొగ ఆయమ్మ చేసిన సంగటి తింటాండా" అన్నారు. ఆ గొంతులో ఏదో నిజంలాంటి దిగులు ఉంది. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. "ఈస్టరు దాకా మీ ఇంట్లోనే తినల్ల. ఇంగొగరి చేతి సంగటి ముట్టుకోగూడదు. ఆయమ్మ కాడికి ఉత్త చేతుల్తో పోవద్దు, మూరెడు పూలన్నా తీసుకపోండి" అన్నాను. ఆయన "చెప్పేదేముంది నాయనా. మోసేటోనికి గదా బరువు తెలిసేది. ఈస్టరయినాక చెప్తా, నువ్వు పాసో కాదో" అని లేచారు. నా ప్రాణం అక్కడే కొక్కేనికి తగిలించినట్టయింది.

మరుసటి రోజునుంచి భోజనాల దగ్గర వింత మొదలైంది. మా వంటావిడను మేమందరం సంగటత్త అని పిలిచేవాళ్ళం. ఆమె చేతి రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ తప్ప పెద్ద ఫాదరుకు ఇంకేదీ నోటికి పట్టదు. అలాంటిది మా అందరి కంచాల్లో సంగటి ముద్దలు పొగలు కక్కుతుంటే ఆయన కంచంలో బేకరీ బ్రెడ్డు పడింది. "సంగటి యాడమ్మా?" అని అడిగారు. "మీకు లేదు ఫాదర్" అని ఆమె లోపలికి పోయింది. వడ్డించింది మారుమాట లేకుండా తినాలని మాకు ప్రతి బ్యాచిలోనూ నేర్పిన మనిషి కాబట్టి ఇంకోసారి అడగలేకపోయారు. ఆ పూటే కాదు, తర్వాత రోజూ బ్రెడ్డే. మేమంతా అది ఆయన తపస్సుకాలపు త్యాగమనుకున్నాం. మాలో ఒకడైతే ఆయన్ను చూసి సిగ్గుపడి తనూ సంగటి మానేశాడు. (వాడి ముద్ద నేను తిన్నాను.) ఆయన మాత్రం చిక్కిపోతున్నారు. అంగీ మీద నడుమున కట్టే తాడు ఇంకా లోపలికి బిగించుకుంటున్నారు. సంగటత్త ఆ తాడు వైపు చూసి కళ్ళు తుడుచుకుంటుంది, కానీ సంగటి పెట్టదు.

ప్రతి గురువారం పెద్ద ఫాదర్ పులివెందులలోని సిస్టర్ల మఠానికి పోయి, పూజ చేసి సాయంత్రానికి తిరిగి వచ్చేవారు. ఆయన సంచి పట్టుకుని బస్సు ఎక్కించడం నా పని. ఆ గురువారం మేం గేటు దాటుతుంటే సంగటత్త వెనకాలే వచ్చి, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు ఆయన చేతిలో పెట్టింది. "పులివెందులకు ఉత్త చేతుల్తో పోగూడదు ఫాదర్" అంది. ఆయన ఎగాదిగా చూసి, సరేనమ్మా అని తీసుకుపోయారు. సాయంత్రం వచ్చాక బ్రెడ్డు వడ్డిస్తూ ఆమె గొంతు తగ్గించి, "ఇచ్చినారా?" అని అడిగింది. "ఇచ్చినానమ్మా. ఆ తల్లి కాడనే పెట్టినా." ఆయన చెబుతున్నది మఠంలోని మరియమ్మ విగ్రహం గురించి. "ఏమన్నది?" "ఏమంటది? ఎప్పటి మాదిరే మౌనంగా చూసింది." "ఇంగా కోపం పోలేదన్నమాట" అని ఆమె నిట్టూర్చింది. "మన పాపాలు అట్లాటివి గదమ్మా" అన్నారాయన. ఆమె ముఖం ఒక్కసారిగా మెత్తబడి, బ్రెడ్డు మీద ఇంత చక్కెర కూడా చల్లింది. ఆ తర్వాతి గురువారం పూలతో పాటు జాకెట్టు గుడ్డ కూడా వచ్చింది. దాన్ని కూడా ఆయన బుద్ధిగా మరియమ్మ పాదాల దగ్గర పెట్టి వచ్చారు.

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టలాదివారం, దానికి ముందు గురువారం పెద్ద ఫాదరుకు జ్వరం వచ్చి పులివెందుల పోలేకపోయారు. ఆ రోజు సంగటత్త నన్ను వంటింటి వెనక్కి పిలిచింది. "బ్రదరూ, ఒగ మాట. పాపసంకీర్తనం పొరపాటున చెవిన పడినా చచ్చేదాకా నోరు విప్పగూడదని పెద్ద ఫాదరే మాకు నేర్పించినాడు. నేను విప్పలే. గానీ నువ్వూ విన్నావు, నేనూ విన్నా. ఇద్దరికీ తెలిసినదాన్ని ఇద్దరం మాట్లాడుకుంటే తప్పుందా?" అంది. ఏం విన్నావని అడిగాను. "ఆ పొద్దు స్టోరు తాళాల కోసం వస్తి. కిటికీలోంచి మీ గొంతులు ఇనబడె. ఆయమ్మ పులివెందులలో సంగటి మూతబెట్టుకోని కూర్చోనుంటే, ఈయప్ప ఈడ నా చేతి సంగటి తింటాండాడు. నాకు పాపం గాదా? నువ్వేమో తినగూడదంటివి. అందుకే బ్రెడ్డు పెడతాండా, అది ఎవరి చేతిదీ గాదు గదా. ఇప్పుడు జొరమొచ్చి పోలేకపాయె. ఆయమ్మకు కబురెవరు చెప్తారు?" (పట్టా పొందని బ్రదరు పాపసంకీర్తనం వినకూడదన్న నియమం మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు.)

నేను గోడ పట్టుకుని నవ్వాను. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వి, అది పరీక్ష అని, పెద్ద ఫాదర్ పాపి వేషం కట్టారని, పులివెందులలో పెండ్లాం లేదని చెప్పాను. ఆమె నవ్వలేదు. "చీనీతోట?" అని అడిగింది. అదీ లేదన్నాను. "ఎవరూ లేరా?" ఎవరూ లేరు. ఆమె రుబ్బురోలు మీద కూర్చుంది. "తప్పు చేస్తాండాడని ఒగ పక్క కోపమొచ్చె నాయనా. గానీ పోనీలే, ఈ వయసులో యాడో ఒగ చోట ఆయప్ప కోసం మూతబెట్టిన సంగటి ఉండాదిలే అని సంబరం కూడా పడితి. ఎవరూ లేకుంటే జొరమొస్తే ఎట్ల?" అంది. ఆ క్షణం నాకు మొట్టమొదటిసారి భయం వేసింది. ఈస్టరు తర్వాత నేను ఏ బతుకులోకి పోబోతున్నానో వేదశాస్త్రం ఏళ్ళ తరబడి చెప్పినదానికంటే ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నలో స్పష్టంగా వినిపించింది.

భయపడుతూనే పోయి పెద్ద ఫాదరుకు విషయమంతా చెప్పాను. ఆయన మొదట అర్థం కానట్టు చూశారు. తర్వాత మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అలా నవ్వడం మా బ్యాచిలో ఎవరూ చూసి ఉండరు. దగ్గొచ్చి, నీళ్ళు తాగి, దిండుకు ఆనుకున్నారు. "బస్సులో పూలు పట్టుకోని పోతాంటే కండక్టరు ఏమన్నాడో తెలుసునా? 'ఇంట్లో ఆయమ్మకా పెద్దాయనా?' అనె. కాదని చెప్పబుద్ధి కాలేదు నాయనా. పులివెందుల దాకా నేనూ ఒగ సంసారి మాదిరే పోయినా" అన్నారు. నేను ఆయన దుప్పటి సర్దాను. ఆయనే మళ్ళీ, "పాసయినావు పో. నువ్వు చెప్పిన ప్రాయశ్చిత్తం నేనే చేసి చూసినా. బరువే. గానీ మోయొచ్చు" అన్నారు. ఇంతలో సంగటత్త కంచం మీద మూతపెట్టి తెచ్చింది. ఆయన తినేదాకా గడప పక్కన కూర్చుని, తిన్నాక కంచం తీసుకుని పోయింది.

ఆయనకు పల్లె విచారణ చివరికీ దొరకలేదు. చివరి బ్యాచిని దాటించి, ఆ కుర్చీ నాకు అప్పగించి, కొన్నాళ్ళకు ఆయనే దాటిపోయారు. సంగటత్త కూడా ఆయన వెనకాలే పోయింది. ఇక్కడ సంగటి చేసేవాళ్ళు లేక అప్పటినుంచి నాకు రాత్రిళ్ళు బేకరీ బ్రెడ్డే. నన్ను ఇక్కడికి పంపేటప్పుడు బిషప్ గారు "ఈ ఒక్క బ్యాచిని చూడండి ఫాదర్" అన్నారు. నేనిప్పటికి ఎన్ని బ్యాచిలు చూశానో లెక్క పెట్టుకోవడం మానేశాను. ఒకప్పుడు భోజనాల గది నిండుగా ఉండేది, ఇప్పుడు ఒక బల్ల కూడా నిండటం లేదు. ఉన్న పిల్లల ముందు మోకాళ్ళు నొప్పి పుడుతున్నా మోకరిల్లుతున్నాను. ప్రొద్దుటూరు వ్యాపారి, జమ్మలమడుగు ఆటో అన్నీ అయిపోయి, మొన్న కొత్త పాపమేదీ తోచక, మాది పులివెందుల పక్కన, చీనీతోట ఉంది, పెండ్లాంతో మాట్లాడక చాలా రోజులైంది అన్నాను. స్టోలు వేసుకున్న కుర్రాడు "ఆంటీకి సారీ అని ఒగ మెసేజి పెట్టండి అంకుల్" అన్నాడు. ఉస్సురప్పా అనుకుని లేచాను.

ఆ గురువారం పులివెందుల మఠానికి పోతూ బస్టాండులో మూరెడు మల్లెపూలు కొన్నాను. తిట్టుకుంటూనే కొన్నాను, ఈ వయసులో ఇదేం పని అని. మఠానికి నడిచి పోతుంటే చెరుకురసం బండి ఆయన నా చేతిలోని పూలు చూసి నవ్వి, "ఇంట్లో ఆయమ్మకా సామీ?" అన్నాడు. అవునన్నాను. లోపల మరియమ్మ పాదాల దగ్గర పూలు పెట్టి, నడుం పట్టుకుని నిలబడి పైకి చూశాను. ఆ తల్లి ఎప్పటి మాదిరే మౌనంగా చూసింది. నవ్వొచ్చింది. ఇంకా కోపం పోలేదన్నమాట అనుకుంటూ, బ్రెడ్డు తినడానికి సాయంత్రం బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చేశాను.