తాలు ఏరడం రాని సెలెక్టర్లు

ఇవాళ గుంటూరులో ఆటోలో వస్తూ ఫోన్లో జట్టు ప్రకటన చూశాను. ఏడాదిగా పట్టుమని పది బంతులు నిలబడలేని సీనియర్ మళ్ళీ జట్టులో ఉన్నాడు. ముందు వెళ్తున్న మిర్చి లారీ ఘాటుకు దగ్గొచ్చింది గానీ, ఒళ్ళు మండింది మాత్రం ఆ పేరు చూసే.

దర్శి వైపు మిరప కల్లాల్లో పెరిగినవాళ్ళారా, కాయలు ఆరబోసిన పరదాలు, మూతికి చుట్టుకున్న తడిగుడ్డలు, రేడియోలో కామెంటరీ గుర్తున్నాయా? మా కల్లంలో కాయలు ఏరించే మేస్త్రి మస్తానమ్మత్త. రంగు పోయి తెల్లబడిన తాలుకాయ ఒక్కటి ఎర్రకాయల్లో కనిపించినా ఊరుకునేది కాదు. ఒకసారి నేను మా చేలో కాయలే కదా అని గుప్పెడు తాలు ఎర్రకుప్పలోకి తోసేశాను.

"ఏందిరా ఇది?" అంది.

"పోయినేడు ఈ చేలో కాయ ఎంత ఎర్రగా వచ్చిందత్తా," అన్నాను.

"పోయినేటి కాయ పోయినేడే అమ్ముకున్నాంగా. ఇది ఈ యేటిది. చూసి ఏరు."

ఇప్పుడు ఫోన్లో కోటు తొడుక్కున్న సెలెక్టరు ఒకాయన చెబుతున్నాడు: "ఆయన గతంలో ఎన్ని మ్యాచ్‌లు గెలిపించాడో మర్చిపోకూడదండీ." దేశవాళీ మ్యాచ్‌ల్లో సెంచరీల మీద సెంచరీలు కొడుతున్న కుర్రాడి ఊసే లేదు.

వీళ్ళని మా కల్లంలో కూర్చోబెడితే మస్తానమ్మత్త మధ్యాహ్నం దాకా కూడా ఉంచేది కాదు. తాలుతో పాటు వీళ్ళనూ ఏరి అవతల పోసేది.